అరుదైన జబ్బుతో ఎమర్జెన్సీకి వెళ్ళినప్పుడు: అపోహలు - వాస్తవాలు

ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టరుగా ముందే ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా గుర్తించిన అరుదైన జబ్బులు 6,000కు పైనే. వాటిలో చాలావాటికి నేను ఒక్కసారి కూడా వైద్యం చేయలేదు. కొన్నిటి పేరైనా వినలేదు. నాలాంటి వాళ్ళ దగ్గరికే మీరు అర్ధరాత్రి రావాల్సి ఉంటుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్ద ఆసుపత్రికి చేరితే చాలు, మిగతాదంతా డాక్టర్లే చూసుకుంటారు.

వాస్తవం: మీ జబ్బు గురించి ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసింది చాలాసార్లు మీకు, మీ వెంట వచ్చినవాళ్ళకే. ఆ తెలిసింది మాకు రెండు నిమిషాల్లో అందాలి. లావుపాటి ఫైలు తెస్తారు, అది మంచిదే. కానీ పక్క బెడ్ మీద గుండెపోటు కేసు ఉన్నప్పుడు దాన్ని తిరగేసే తీరిక మాకు దొరకదు. ఒక్క పేజీ కావాలి. పైన జబ్బు పేరు. దాని కిందే వెంటనే చేయాల్సిన వైద్యం, ఇవ్వకూడని మందులు. ఆ తర్వాత రోజూ వాడే మందులు మోతాదులతో సహా, మీ స్పెషలిస్టు ఫోన్ నంబరు, సంతకం, తేదీ. జబ్బు ఎప్పుడు ఎలా బయటపడిందన్న కథ వెనక పేజీకి పోవచ్చు.

ఇవ్వకూడని మందుల వరుస మాత్రం మర్చిపోకండి. మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు త్వరగా నీరసించిపోయే జబ్బు) ఉన్నవాళ్ళకు సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్, నరానికి ఇచ్చే మెగ్నీషియం కూడా కండరాల నీరసాన్ని పెంచి ఊపిరి మీదికి తేగలవు. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవాళ్ళకు ఆస్పిరిన్ వద్దు, కండకు ఇచ్చే ఇంజెక్షన్లు వద్దు. ఇవన్నీ మేం రోజూ చేతిలో పట్టుకు తిరిగే మందులే. భయం అందుకే.

అపోహ: రిపోర్టులన్నీ వచ్చాకే అసలు వైద్యం మొదలుపెట్టాలి.

వాస్తవం: కొన్ని జబ్బుల్లో అలా ఆగితే మనిషి దక్కకపోవచ్చు.

నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. పొద్దుటినుంచి వాంతులు, కళ్ళు తేలేస్తోంది, పై బీపీ 80 దాటడం లేదు. తిన్నది పడలేదనుకుని సెలైన్ పెట్టించాను. వాళ్ళమ్మ బ్యాగులోంచి ప్లాస్టిక్ కవర్లో దాచిన కార్డు తీసి, "డాక్టరుగారూ, మా పాపకి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ పడాలండీ" అంది. "రిపోర్టులు రానివ్వండమ్మా" అన్నాను. ఆవిడ పక్కకు వెళ్ళలేదు. కార్డు మీద ఒక వాక్యం కింద వేలు పెట్టి అలాగే నిలబడింది. మా సీనియర్ అటుగా వస్తూ అది చదివి, అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇప్పించారు. ఆ అమ్మాయికి అడిసన్స్ జబ్బు. వేళ్ళ కణుపుల మీద చర్మం మామూలుకంటే నల్లగా ఉండటం నేను చూశాను, కానీ దాని అర్థం తట్టలేదు. ఆ తల్లి వేలు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంటుంది.

ఈ జబ్బులో శరీరం తనకు కావాల్సిన కార్టిసాల్ అనే హార్మోను తయారు చేసుకోలేదు. ఆ లోటు తీర్చే స్టెరాయిడ్ మందే హైడ్రోకార్టిసోన్. వాంతులైతే రోజూ వేసుకునే మాత్ర కూడా ఒంటబట్టదు. అందుకే క్రైసిస్ (కార్టిసాల్ చాలక ప్రాణం మీదికి రావడం) అనుమానం వస్తే చాలు, పెద్దవాళ్ళకు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ వెంటనే ఇవ్వాలి. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకూడదు. తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్ళ తలకు గట్టి దెబ్బ తగిలినా అంతే: ముందు ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్) ఎక్కించాలి, స్కాన్ ఆ తర్వాత.

అపోహ: ఆక్సిజన్, స్కాన్ నార్మల్‌గా ఉన్నాయంటే ప్రమాదం లేనట్టే.

వాస్తవం: మయస్థీనియాలో ఊపిరి తీసే కండరాలు అలిసిపోతున్నా, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు చివరిదాకా మంచి అంకెలే చూపించగలదు. మాట ముక్కుతో వస్తోందా, మింగడం కష్టమవుతోందా, తల దిండు మీద నుంచి లేవడం లేదా, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టగలిగే అంకెలు తగ్గిపోతున్నాయా? ఇవి గమనించి మాకు చెప్పండి.

అక్యూట్ పోర్ఫిరియాలో (ఒంట్లో కొన్ని రసాయనాలు పేరుకుపోయే జబ్బు) కడుపునొప్పి మెలిపెట్టేస్తుంది, చేత్తో నొక్కి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది, స్కాన్‌లో ఏమీ దొరకదు. "టెన్షన్ వల్ల వచ్చిన నొప్పి" అని ఇంటికి పంపేస్తే ఆ మనిషికి జరిగే అన్యాయం ఇంతా అంతా కాదు. మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ (అలా పేరుకునే రసాయనాల్లో ఒకటి) పరీక్ష చేయించమని అడగండి. శాంపిల్ మీద వెలుతురు పడకుండా చూడాలి.

అపోహ: గొంతు వాచిందంటే అలర్జీయే.

వాస్తవం: హెరిడిటరీ యాంజియోఎడీమాలో (వంశపారంపర్యంగా వచ్చే వాపుల జబ్బు) వాపుకు కారణం అలర్జీ కాదు, ఒంట్లో తయారయ్యే బ్రాడికైనిన్ అనే పదార్థం. అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్, స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ దీనికి పనిచేయవు. బ్రాడికైనిన్‌ను అడ్డుకునే ఇకాటిబాంట్ లాంటి మందో, సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీనో కావాలి. మీ దగ్గర ఉంటే వెంట తెచ్చుకోండి.

అపోహ: డాక్టరుకు మనం చెబితే కోపం వస్తుంది.

వాస్తవం: కొందరికి వస్తుంది, కాదనను. అయినా చెప్పండి. మొదట పలకరించే నర్సుకే, మొదటి వాక్యంలోనే: "నాకు ఫలానా జబ్బు ఉంది. ఈ మందు ఆలస్యమైతే ప్రాణానికి ప్రమాదం. ఇదిగో మా డాక్టరు లెటర్." ఎవరూ పట్టించుకోకపోతే, "సీనియర్ డాక్టరుగారికి ఒకసారి చూపిస్తారా? మా స్పెషలిస్టుతో ఒక్క నిమిషం ఫోన్‌లో మాట్లాడతారా?" అని అడగండి. మీకు స్పృహ లేకపోతే ఈ మాటలు ఎవరు చెబుతారో ముందే అనుకుని ఉంచుకోండి.

అపోహ: నిజంగా నొప్పి ఉంటే ఏడవాలి, అరవాలి.

వాస్తవం: సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్నవాళ్ళు చిన్నప్పటినుంచీ నొప్పితోనే పెరుగుతారు. ఫోన్ చూసుకుంటూనే పదికి తొమ్మిది అని చెబుతారు. నమ్మాల్సింది ఆ తొమ్మిదినే. వాళ్ళు వచ్చిన గంటలోపు నొప్పి మందు పడాలి.

అపోహ: తగ్గి ఇంటికొచ్చేశాం కదా, ఇక అయిపోయింది.

వాస్తవం: బయల్దేరే ముందు ఏ మందు ఎంత ఇచ్చారో రాయించుకోండి. స్టెరాయిడ్ మోతాదు పెంచి ఉంటే దాన్ని ఏ రోజు నుంచి ఎంత తగ్గించాలో అడగండి. మీ ఎమర్జెన్సీ ఇంజెక్షన్ వాడేసి ఉంటే వెంటనే కొత్తది తెచ్చి బ్యాగులో పెట్టండి. దాని మీది ఎక్స్‌పైరీ తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.