లోగోల్లో గీతలు ఎందుకు తగ్గాయి?

1976లో రొనాల్డ్ వేన్ ఆపిల్ కంపెనీకి గీసిన మొదటి లోగోలో చెట్టు కింద న్యూటన్, అతని తలపైన మెరిసే పండు, చట్రం మీద వర్డ్స్‌వర్త్ కవితా పంక్తి, రిబ్బన్‌లో కంపెనీ పేరు ఉన్నాయి. కంపెనీ తొలి కంప్యూటర్ ఆపిల్-1 మాన్యువల్ అట్టకు అది సరిపోయింది. అదే బొమ్మను కంప్యూటర్ పెట్టెమీద వేలెడు జాగాలో వేస్తే నల్లటి మరకే మిగిలేది. 1977లో రాబ్ జానాఫ్ దాన్ని ఒక్క పండుకు తగ్గించాడు. చిన్న సైజులో చెర్రీ అని పొరబడకుండా పక్కన ఒక కొరుకు పెట్టాడు. రంగులు మాత్రం ఆరు పెట్టాడు, అడ్డ పట్టీలుగా. పట్టీలు ఒకదానికొకటి ఆనుకుని ఉండటంతో అచ్చులో రిజిస్ట్రేషన్ (ఒక రంగు పక్కన మరో రంగు సరిగ్గా కుదరడం) వెంట్రుకవాసి తప్పినా మధ్యలో తెల్ల సందు బయటపడుతుంది. 1998 నుంచి ఒకే రంగు ఆపిల్ కనిపించడం మొదలైంది.

గీతలు తగ్గడానికి అభిరుచి కన్నా అచ్చు, సైజు పెట్టిన ఇబ్బందులే పెద్ద కారణం. లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల లోగోలో 1 మిల్లీమీటరు గీత ఉందనుకుందాం. విజిటింగ్ కార్డుపై లోగోను 15 మిల్లీమీటర్లకు కుదిస్తే ఆ గీత 0.15 అవుతుంది. ముదురు రంగు మధ్యలో తెల్లగా వదిలిన గీతైతే సిరా పాకి పూడిపోతుంది. బ్రౌజర్ ట్యాబ్‌లో 16 పిక్సెళ్ల బొమ్మకు వచ్చేసరికి అది పిక్సెల్‌లో ఆరోవంతు, అంటే బూడిదరంగు మసక. చొక్కా జేబుమీద ఎంబ్రాయిడరీలో దారం మందమే అంత సన్నగా పోనివ్వదు.

తెలుగు అక్షరాలతో చిక్కు ఇంకా ఎక్కువ. పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి అదే ఎత్తులో అసలు అక్షరానికి దక్కే చోటు తక్కువ. ‘లక్ష్మి’ అని రాసి కుదిస్తే ముందు పూడేది వత్తులే.

ఫోన్ తెరలొచ్చాక ఈ కుదింపు మోజుగా మారింది. 2018లో బ్రిటన్ ఫ్యాషన్ కంపెనీ బర్బెరీ తన లోగోలోని గుర్రపు వీరుణ్ని పక్కనపెట్టి మందపాటి అక్షరాలకు మారింది. అప్పటికే చాలా ఫ్యాషన్ బ్రాండ్లు అదే బాటలో ఉండటంతో ఏ లోగో ఎవరిదో తెలియకుండా పోయింది. 2023లో వీరుడు తిరిగొచ్చాడు. ప్రభుత్వ చిహ్నాల సంగతి వేరు. కాకతీయ కళాతోరణం, చార్మినార్ ఉన్న తెలంగాణ రాజముద్ర నుంచి యాప్ ఐకాన్ సరళత ఆశించడం నా దృష్టిలో తప్పు.

లోగో చేయించేటప్పుడు ఒకే ఫైలును కుదించుకుంటూ పోవద్దు. బోర్డుకు పూర్తి రూపం, లెటర్‌హెడ్‌కు తక్కువ గీతలది, 16 పిక్సెళ్లకు ఒక్క ఆకారం విడివిడిగా గీయించాలి. రంగు వేసే ముందు నలుపులో 15 మిల్లీమీటర్లకు ప్రింటు తీసి, చేయి చాచినంత దూరం నుంచి చూస్తే ఏ గీత తీసేయాలో తెలిసిపోతుంది.