కుక్కను వదిలేసి రమ్మంటే మనిషి కదలడు: ఖాళీ చేయించే ప్లాన్లలోకి పెంపుడు జంతువులు ఎలా వచ్చాయి

తుఫాను హెచ్చరిక రాగానే కలెక్టరేట్‌లో కంట్రోల్ రూం తెరుస్తారు, లోతట్టు ప్రాంతాల వాళ్లను స్కూళ్లకీ కల్యాణ మండపాలకీ తరలిస్తారు, బియ్యం, పప్పు, పాల ప్యాకెట్లు సిద్ధం చేస్తారు. ఏళ్ల తరబడి తుఫాన్లు చూసిన జిల్లాల్లో ఈ పని బాగానే జరుగుతుంది. కానీ ఒక కుటుంబం తమ కుక్కనో, రెండు పిల్లులనో వెంటబెట్టుకుని పునరావాస కేంద్రం గేటు దగ్గరికి వస్తే ఏం చేయాలన్నది చాలాచోట్ల ఏ కాగితం మీదా ఉండదు. ఆ టైంలో డ్యూటీలో ఉన్న కానిస్టేబులో, వీఆర్వోనో ఏమంటే అదే రూలు. "మనుషులకే దిక్కు లేదు, మధ్యలో కుక్కల గోలేంటి" అని ఎవరో ఒకరు అంటారు. సరిగ్గా ఇదే మాట అమెరికాలోనూ అన్నారు, దాని ఫలితం అనుభవించాక చట్టం రాసుకున్నారు. ఆ కథ తెలిస్తే జంతువుల కోసం వేసే ప్లాన్ అసలు ఎవరి ప్రాణాల కోసమో అర్థమవుతుంది.

కథ 2005లో వచ్చిన కత్రినా తుఫానుతో మొదలైందని చాలామంది అనుకుంటారు గానీ, అంతకు తొమ్మిదేళ్ల ముందే విస్కాన్సిన్ రాష్ట్రంలోని వయవీగా అనే చిన్న ఊళ్లో అంతా బయటపడింది. 1996 మార్చి 4 తెల్లవారుజామున అక్కడ గూడ్సు రైలు పట్టాలు తప్పింది, ప్రొపేన్ గ్యాస్ ట్యాంకర్లు అంటుకున్నాయి, అవి ఎప్పుడు పేలతాయో తెలియని పరిస్థితిలో చుట్టుపక్కల 2,300 మంది దాకా ఉన్నపళంగా ఇళ్లు వదిలి వెళ్లారు. కాసేపట్లో తిరిగొచ్చేస్తాం కదా అని చాలామంది పెంపుడు జంతువులను ఇంట్లోనే ఉంచి తలుపులు వేసుకున్నారు. ఆ కాసేపు రెండు వారాలు దాటింది. ఒకటి రెండు రోజులు గడిచేసరికి జనంలో టెన్షన్ పెరిగిపోయి, కొందరు పోలీసుల కంచె దాటి దొంగచాటుగా ఇళ్లలోకి వెళ్లారు, అదీ పేలడానికి సిద్ధంగా ఉన్న ట్యాంకర్ల పక్కనుంచి. జంతువులను బయటికి తీసుకురాకపోతే బాంబు పెడతామని కంట్రోల్ రూంకి బెదిరింపు కూడా వచ్చింది. చివరికి నాలుగు రోజుల తర్వాత నేషనల్ గార్డ్ అనే రిజర్వు సైనిక దళం వాళ్లు కవచ వాహనాల్లో యజమానులను ఎక్కించుకుని వెళ్లి ఆ కుక్కలనూ పిల్లులనూ తెచ్చారు.

సెబాస్టియన్ హీత్ అనే పశువైద్యుడు ఈ ఘటన మీదా, మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో వచ్చిన వరదల మీదా అధ్యయనాలు చేశాడు. ఆయన తేల్చిన విషయం సూటిగా ఉంటుంది: ఇంట్లో జంతువు ఉండటమే చాలామంది ఇల్లు వదలకపోవడానికో, ప్రమాదంలోకి తిరిగి వెళ్లడానికో కారణం. అంటే కుక్కను వదిలి రమ్మని చెప్పిన అధికారి, తనకు తెలియకుండానే ఆ మనిషిని ఆపేస్తున్నాడు. 1999లో ఫ్లాయిడ్ తుఫానుకు నార్త్ కరోలినాలో లక్షలాది కోళ్లు, పందులు, పశువులు కొట్టుకుపోయాక ఆ రాష్ట్రం జంతువుల కోసమే ఒక ప్రత్యేక బృందాన్ని తయారు చేసుకుంది. అయినా ఇవన్నీ ఎక్కడికక్కడ నేర్చుకున్న పాఠాలుగా మిగిలాయి తప్ప దేశమంతటికీ వర్తించే నియమం ఏదీ రాలేదు.

2005 ఆగస్టు 29న కత్రినా లూసియానా తీరాన్ని తాకింది. దానికి ముందురోజు న్యూ ఆర్లీన్స్ మేయర్ అందరూ ఊరు ఖాళీ చేయాలని ఆదేశం ఇచ్చారు. కార్లున్నవాళ్లు కుక్కలను వెనక సీట్లో వేసుకుని వెళ్లిపోయారు, కార్లు లేని పేదవాళ్లకు ప్రభుత్వ బస్సులూ సూపర్‌డోమ్ స్టేడియమే దిక్కయ్యాయి. అక్కడ జంతువులకు చోటు లేదు. రెడ్ క్రాస్ శిబిరాల్లోనూ అప్పటికి అదే నిబంధన. కరిస్తే ఎవరిది బాధ్యత, అలర్జీ ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నలు నిజమైనవే, వాటిని కొట్టిపారేయలేం. కానీ వాటికి ముందే జవాబులు వెతకకుండా ఊరికే 'నిషేధం' అని రాసేయడంతో, ఆ భారమంతా ఏ దారీ లేనివాళ్ల మీద పడింది.

కరకట్టలు తెగి నగరంలో దాదాపు 80 శాతం మునిగాక సూపర్‌డోమ్ దగ్గర జరిగిన ఒక చిన్న ఘటనను అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ రాసింది. బస్సు ఎక్కబోతున్న ఒక పిల్లాడి చేతుల్లోంచి పోలీసు ఒకాయన తెల్ల కుక్కపిల్లను తీసేసుకున్నాడు. దాని పేరు స్నోబాల్. "స్నోబాల్, స్నోబాల్" అని ఏడ్చి ఏడ్చి ఆ పిల్లాడు వాంతి చేసుకున్నాడు. వార్తలో ఉన్నది కొన్ని వాక్యాలే గానీ దేశమంతా కదిలింది, డబ్బు, వలంటీర్లు వెల్లువెత్తారు, గొంజాలెస్ అనే ఊళ్లోని ఎగ్జిబిషన్ మైదానం వేలాది జంతువుల శిబిరంగా మారింది. కాపాడిన వాటిలో చాలా తక్కువ మాత్రమే తిరిగి సొంతవాళ్లను చేరాయి. మెడలో పేరు లేదు, రికార్డు లేదు, వేరే రాష్ట్రాల వాళ్లు దత్తత తీసుకున్నారు, తర్వాత ఆ కుక్కల కోసం అసలు యజమానులు కోర్టులకు వెళ్లాల్సి వచ్చింది. ఇల్లూ వాకిలీ పోయిన మనిషి మళ్లీ తన కుక్క కోసం లాయరు ఫీజు కట్టుకోవడం ఎంత అన్యాయమో చూడండి. 2006లో జరిగిన ఒక సర్వేలో, ఊరు విడిచి వెళ్లనివాళ్లలో 44 శాతం మంది తాము ఆగిపోవడానికి పెంపుడు జంతువులను వదల్లేకపోవడం ఒక కారణమని చెప్పారు. హీత్ ఎప్పుడో చెప్పిందే, ఈసారి ఒక మహానగరం స్థాయిలో.

అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో టామ్ లాంటోస్, క్రిస్టఫర్ షేస్ అనే ఇద్దరు సభ్యులు, ఒకరు డెమొక్రాట్, ఇంకొకరు రిపబ్లికన్, 2005 సెప్టెంబరులోనే బిల్లు పెట్టారు. ప్రతినిధుల సభలో 349-24 ఓట్లతో గెలిచింది. 2006 అక్టోబరు 6న అధ్యక్షుడు బుష్ సంతకం చేశాడు. పొట్టిగా దాన్ని పెట్స్ యాక్ట్ అంటారు. అందులోని అసలు పాయింట్ చాలా చిన్నది: రాష్ట్రాలూ, స్థానిక ప్రభుత్వాలూ రాసుకునే అత్యవసర ప్లాన్లలో పెంపుడు జంతువులు ఉన్నవాళ్ల అవసరాలు విపత్తుకు ముందు, మధ్యలో, తర్వాత ఎలా తీరుస్తారో ఉండాలి. దానికి ఊతంగా డబ్బు ముడిపెట్టారు. జంతువులను రక్షించడానికి, వాటికి షెల్టర్ ఇవ్వడానికి అయిన ఖర్చును అక్కడి కేంద్ర విపత్తు సంస్థ ఫెమా తిరిగి చెల్లించగలదు. నా ఉద్దేశంలో చట్టాన్ని నిలబెట్టింది ఈ చెల్లింపే, ఎందుకంటే చిన్న కౌంటీ (మన జిల్లాలాంటిది) అధికారికి జాలి లేక కాదు, బిల్లు ఎవరు పాస్ చేస్తారో తెలియకే చేతులు కట్టుకుని కూర్చుంటాడు.

చట్టానికి హద్దులు కూడా ఉన్నాయి. ఫెమా లెక్కలో కుక్క, పిల్లి, పక్షి, కుందేలు, ఎలుక జాతివి, తాబేలు పెంపుడు జంతువులు. పాములు, చేపలు, గుర్రాలు, పాడి పశువులు ఆ జాబితాలో లేవు. అలాగే ప్రతి తుఫానుకీ "హోటళ్లు పెంపుడు జంతువులను తప్పక రానివ్వాలి, చట్టం ఉంది" అని ఒక మెసేజ్ తిరుగుతుంది, అది తప్పు. ఆ చట్టం ప్రైవేటు హోటళ్ల మీద ఏ బాధ్యతా పెట్టలేదు.

కత్రినా వచ్చిన మూడేళ్లలోనే తేడా కనబడింది. 2008లో గుస్తావ్ తుఫాను వచ్చినప్పుడు అదే న్యూ ఆర్లీన్స్‌లో బస్సుల దగ్గరే జంతువులను నమోదు చేసి, యజమాని వివరాలతో కలిపి పట్టీలు కట్టి, బోన్లలో పెట్టి ట్రక్కుల్లో పంపారు. 2017లో హార్వీ తుఫానప్పుడు హ్యూస్టన్ కన్వెన్షన్ సెంటర్‌లోకి జనం కుక్కలతో సహా వచ్చారు. హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చిన కుటుంబాలకు ఈ చట్టం గురించి తెలిసి ఉండకపోవచ్చు, దాని ఫలితం మాత్రం అందుబాటులో ఉంది.

జపాన్ వేరే దారిలో ఇక్కడికే చేరింది. 2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 20 కిలోమీటర్ల పరిధిలో జనాన్ని పంపేసినప్పుడు కొద్ది రోజుల్లో తిరిగొస్తామనే అనుకుని కుక్కలను గొలుసులతోనే వదిలి వెళ్లారు. చాలా జంతువులు ఆకలితో చచ్చిపోయాయి. 2013లో ఆ దేశ పర్యావరణ శాఖ, ఖాళీ చేసేటప్పుడు పెంపుడు జంతువులను వెంట తీసుకెళ్లడమే పద్ధతి అని మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక మన సంగతి. మన విపత్తు నిర్వహణ చట్టం కూడా 2005లోనే, కత్రినా వచ్చిన నాలుగు నెలలకు, డిసెంబరులో వచ్చింది. అందులో విపత్తు అంటే ఏమిటో చెప్పిన చోట ప్రాణనష్టం, మనుషుల బాధ, ఆస్తి నష్టం, పర్యావరణ నష్టం ఉన్నాయి. జంతువు అన్న మాట లేదు, ఆస్తి కిందే సర్దుకోవాలి. పశువుల విషయంలో మనకు కొంత పద్ధతి ఉంది, అది దివిసీమలాంటి దెబ్బలు తిన్నాక వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందితో పాటు లెక్కలేనన్ని గొడ్లు కొట్టుకుపోయాయి. ఈరోజు తుఫాను హెచ్చరికల్లో పలుపులు విప్పేయండి, ఎత్తయిన చోటికి తోలండి అని చెబుతారు, గడ్డి పంపుతారు, చనిపోతే పరిహారం ఉంది. 2022-26 కేంద్ర నిబంధనల ప్రకారం పాడి గేదెకు 37,500 రూపాయలు, మేకకు 4,000, కోడికి 100. కుక్క, పిల్లి ఆ పట్టికలోనే లేవు. పరిహారం లేదన్నది నా బాధ కాదు, కుక్కకు డబ్బు ఎవరూ అడగరు. పట్టికలో లేనిదానికి బడ్జెట్ ఉండదు, బడ్జెట్ లేనిదానికి పడవలో చోటుండదు, అదీ సంగతి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి లీకైనప్పుడు జనం పరుగెత్తారు, కట్టేసిన పశువులు, కుక్కలు అక్కడే పడిపోయాయి. వయవీగాలో జరిగినట్టే, రసాయన ప్రమాదంలో సర్దుకునే టైం ఉండదు. అందుకే ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లకు ఈ ప్లాన్ తుఫాను ఊళ్ల కంటే ఎక్కువ అవసరం. 2018 కేరళ వరదల్లో త్రిస్సూర్‌లో ఒకావిడ తన 25 కుక్కలను తీసుకెళ్తేనే వస్తానని పడవ ఎక్కలేదు, చివరికి జంతు సంక్షేమ సంస్థ వాళ్లు వెళ్లి అన్నింటినీ తెచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు డ్రోన్లతో డాబాల మీదికి భోజనం పంపగలిగాం, అది నిజంగా గొప్ప పని. డాబా మీదున్న కుక్కను దించాలా వద్దా అన్నది మాత్రం పడవ నడిపేవాడి దయ మీద ఆధారపడింది.

మనకు చేతకాదని కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు అక్కడున్న మన విద్యార్థులు కుక్కలను వదిలి రామంటే, కేంద్ర పశుసంవర్ధక శాఖ ఒక్క ఉత్తర్వుతో నిబంధనలు సడలించింది, పిల్లలు కుక్కలతో పిల్లులతో విమానాలు దిగారు. తణుకుకు చెందిన ఒక డాక్టరైతే తను పెంచుకుంటున్న జాగ్వార్‌నూ, నల్ల చిరుతనూ వదలనని అక్కడే ఉండిపోయాడు. ఆయన చేసింది సరైనదా కాదా అన్నది వేరే చర్చ గానీ, మనిషి ఎందుకు కదలడో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

జిల్లా, మున్సిపాలిటీ స్థాయిలో కావలసినవి పెద్దవేం కావు. ప్రతి పునరావాస కేంద్రంలో జంతువుల కోసం విడిగా ఒక గదో వరండానో ముందే గుర్తించి పెట్టాలి, అలర్జీ ఉన్నవాళ్లకూ భయపడే పిల్లలకూ దూరంగా. కొన్ని బోన్లు, గొలుసులు, యాంటీ రేబీస్ టీకాలు స్టాకు ఉండాలి. యజమానికీ జంతువుకూ ఒకే నంబరు పట్టీ కట్టాలి. పడవల సిబ్బందికి ఇచ్చే ఆదేశాల్లో ఒక లైను కలపాలి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశు అంబులెన్సులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, వాటి డ్యూటీలో ఇది రాయాలి. జిల్లా విపత్తు ప్రణాళికను ఏటా సమీక్షించాలని 2005 చట్టం 31వ సెక్షనే చెబుతోంది కాబట్టి దీనికి కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. వచ్చే సమీక్షకు ముందే మీ కలెక్టరేట్‌కి ఒక అర్జీ పెట్టండి, పునరావాస కేంద్రాల జాబితాలో ఏ కేంద్రం జంతువులను తీసుకుంటుందో రాయమని.