ఎవరూ పరీక్షించని బోరు

పొదిలి, దర్శి, కనిగిరి వైపు పళ్ల మీద పసుపు, గోధుమ చారలు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. గారపళ్లు అంటారు, అంతే. ఆ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఈ చారలకు కారణమైన ఫ్లోరైడ్ నీళ్లతోనే ఎముకలు బిగుసుకుపోయే జబ్బు గురించి షార్ట్ బృందం వైద్య పత్రికలో రాసింది. 1970లో జిల్లా మారింది. బోర్లలో నీళ్లు మాత్రం అవే.

కింద ఉన్నది గ్రానైటు లాంటి గట్టి రాయి. వానలు తక్కువ కావడంతో నీరు దాని పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు తాగవచ్చనీ మన ప్రమాణం.

గొట్టంలో బోరు నీళ్లు పోసి కిట్‌లోని మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువయ్యేకొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. అలా పరీక్షించిన బోర్లను పటం మీద చుక్కలుగా పెడతారు. చుక్కల మధ్య ఖాళీలను అంచనా కట్టి రంగులతో నింపడానికి వాడే పద్ధతుల్లో ఒకటి క్రిగింగ్. దక్షిణాఫ్రికా గనుల ఇంజనీరు డానీ క్రిగ్ బంగారం అంచనా కోసం 1951లో వేసిన దారి ఇది. దగ్గరి చుక్కల మాటకు విలువ ఎక్కువ, దూరపు వాటికి తక్కువ.

నా బాధంతా ఇక్కడే. రాతి నేలలో పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు. ఊరి నడిమి బోరును పరీక్షించి, చివర ఎస్సీ కాలనీ బోరును వదిలేస్తే, కాలనీకి కూడా ఊరి రంగే పడుతుంది. పటం నిండుగా కనిపిస్తుంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ అనుమానం రాదు.

కానీ క్రిగింగ్ రెండో పటం కూడా ఇస్తుంది: ఏ అంచనాను ఎంత నమ్మవచ్చో చూపేది. దాని మీద ఇళ్లు, కూలి కుటుంబాలు, నీళ్లు శుద్ధి చేసే ఆర్‌వో ప్లాంటుకు రోడ్డు వెంట దూరం, కరెంటు పోయి ప్లాంటు ఆగితే ఇంకో నీటి దారి ఉందా లేదా అన్నవి పొరలుగా పరవాలి. 20 లీటర్ల టిన్నును బండి మీద తెచ్చుకునే ఇంటికీ, చంకన బిందెతో నడిచే ఇంటికీ కిలోమీటరు ఒకటి కాదు. అంచనా మీద నమ్మకం తగ్గి, ఈ ఇబ్బందులన్నీ కలిసి రంగు ముదిరిన చోటికే పరీక్ష బండి ముందు వెళ్లాలి. కాలనీ బోరు కింద ఒక్క సీసా నింపి ఆ చుక్క పెడితే, చుట్టూ ఉన్న రంగంతా మళ్లీ లెక్కకు వస్తుంది.