చైనీస్ పేషెంట్ల గురించి మనవాళ్ల అపోహలు, వార్డులో నేను చూసిన వాస్తవాలు

సింగపూర్‌లో నర్సుగా చేస్తున్నాను. మా వార్డులో ఎక్కువమంది చైనీస్ పెద్దవాళ్లే. అంతకుముందు ప్రసూతి వార్డులో చేశాను. ఇక్కడికి రావాలని ఇంటర్వ్యూలకు తయారవుతున్న మన పిల్లలు ఫోన్ చేసి అడిగేవన్నీ దాదాపు ఒకే రకం ప్రశ్నలు. వాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: మాండరిన్ నాలుగు ముక్కలు వస్తే చాలు.

వస్తే మంచిదే. కానీ ఎనభై దాటిన చాలామందికి ఇంటి భాష హొక్కియెన్, తియోచ్యూ, లేదంటే కాంటనీస్. మాండరిన్‌లో నొప్పి ఉందా అని అడిగితే నవ్వి ఊరుకున్న ఒక అవ్వ, హొక్కియెన్‌లో "థియా బో?" అనగానే నా చెయ్యి పట్టుకుని తన తుంటి మీద పెట్టుకుంది. అవ్వని ఆ-మా అనీ, తాతని ఆ-గోంగ్ అనీ పిలుస్తాం. వాళ్లు మనల్ని "మిస్సీ" అంటారు. ఆ ఒక్క పిలుపుతోనే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: వేరే మందులేవీ వాడట్లేదంటే నిజంగానే వాడట్లేదు.

ఇక్కడ తప్పు నాదే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడే ఒక ఆ-గోంగ్‌ని అడ్మిషన్ రోజు "ఇంకేమైనా మందులు వేసుకుంటున్నారా?" అని అడిగాను. లేదన్నారు. అలాగే రాసేశాను. నాలుగో రోజుకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే పరీక్ష) బాగా పెరిగింది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. ఆ సాయంత్రం కూతురు ఫ్లాస్కు మూత తీసింది. కోడి సూపు, అందులో ఎండు ఎర్ర రేగుపళ్లు, పల్చగా కోసిన వేరు ముక్కలు. మంచం చుట్టూ ఘాటైన వాసన. ఆ వేరు దాంగ్‌గ్వే. అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది. దాన్‌షెన్ అనే వేరూ అంతే. జిన్‌సెంగ్ తగ్గించే అవకాశం ఉంది. అతిమధురం ఎక్కువైతే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది.

ఆ అమ్మాయి ఏదీ దాచలేదు. ఆమెకది నాన్నకు ఓపిక రావాలని కాచిన సూపు. మన ఇంట్లో శొంఠి కషాయం తాగి, ఆ సంగతి డాక్టరుకు చెప్తామా? అందుకే ఇప్పుడు నేను మందు అనే మాటే ఎత్తను. "ఇంటి నుంచి ఏం సూపు తెస్తున్నారు? అందులో ఏమేం వేస్తారు?" అని అడుగుతాను. చకచకా చెప్తారు.

అలాగని చైనీస్ వైద్యమంతా నాటు వైద్యమని తీసిపారేయకండి. ఇక్కడ ఆ వైద్యులకు 2000లో చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియాకు వాడే ఆర్టెసునేట్‌కు మూలమైన ఆర్టిమిసినిన్ కూడా చైనా మూలిక నుంచి వచ్చిందే. దాన్ని కనిపెట్టినందుకు తూ యూయూకి 2015లో నోబెల్ ఇచ్చారు.

అపోహ: వీపు మీద ఎర్రటి చారలుంటే ఎవరో కొట్టారు.

చాలాసార్లు అది గువాషా. నూనె రాసి చెంచాతోనో కొమ్ము ముక్కతోనో గీకుతారు. గుండ్రటి మచ్చలైతే కప్పింగ్, అంటే చిన్న కప్పులు చర్మానికి అతికించి పీల్చడం. కొద్ది రోజుల్లో పోతాయి. కంగారుపడకుండా అడగండి, చార్టులో రాయండి. రక్తం పలచబడే మందుల మీద ఉంటే డాక్టరుకు చెప్పండి. చెప్పిన కథకీ మచ్చకీ పొంతన లేకపోతే మాత్రం వదలకండి.

నాలుగో నంబరు మంచం వద్దంటే వాదించకండి. ఆ అంకె పలికితే చావు అనే మాటలా వినిపిస్తుంది. ఖాళీ ఉంటే మార్చేయడమే.

అపోహ: బాలింత తలస్నానం చేయననడం మొండితనం.

నెల రోజుల పథ్యం అది. చన్నీళ్లు తాగరు, ఫ్యాను గాలి తగలనివ్వరు. అల్లం, నువ్వుల నూనెతో వండిన కోడికూర తింటారు. చెవుల్లో దూది పెట్టుకుని కాయం తిన్న మన ఇళ్ల నుంచి వెళ్లి, వాళ్లని వింతగా చూడటం నాకు బాధనిపిస్తుంది. వేడినీళ్లతో ఒళ్లు తుడవండి, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు ఉంచండి. కానీ లేచి నడవడం దగ్గర మాత్రం రాజీ పడకండి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

బిడ్డ పచ్చబడుతోందేమో రోజూ చూడాలి. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువగా ఉండే జీ-సిక్స్-పీడీ లోపం చైనీస్ పిల్లల్లో తక్కువేమీ కాదు. సింగపూర్‌లో 1965 నుంచే బొడ్డుతాడు రక్తంతో ఆ పరీక్ష చేస్తున్నారు. కలరా ఉండల వల్ల ఆ కణాలు పగిలి కామెర్లు ముదరొచ్చు కాబట్టి, లోపం ఉన్న బిడ్డ బట్టల బీరువాలో అవి పెట్టకూడదని అమ్మమ్మకు కూడా విడిగా చెప్పాలి, ఎందుకంటే బీరువా సర్దేది ఆవిడే.

అపోహ: క్యాన్సరని పేషెంటుకు చెప్పొద్దనే పిల్లలకు ప్రేమ లేదు.

మన ఇళ్లలో ఎంతమందికి చెప్పాం? పిల్లల భయం, ఆ మాట వింటే అమ్మ తిండి మానేస్తుందని. వాళ్లతో గొడవ పడకుండా, పేషెంటునే మెల్లగా అడుగుతాం: "మీ ఆరోగ్యం సంగతులు మీకే చెప్పమంటారా, పిల్లలతో మాట్లాడమంటారా?" ఒక రాత్రి సెలైన్ మారుస్తుంటే ఒక ఆ-మా నా చేతిని తట్టి అంది: "మిస్సీ, నాకేమైందో నాకు తెలుసు. మా అబ్బాయికి చెప్పకు, తట్టుకోలేడు." ఆ అబ్బాయి మధ్యాహ్నమే కారిడార్‌లో నన్ను ఆపి అచ్చంగా అదే మాట అడిగాడు.

పొద్దున రౌండ్స్‌లో డాక్టరుకు ఆ మాట చెప్పాను. ఆ-మాని ఒప్పించి, ఆ సాయంత్రం ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాం. నేను టీ తెచ్చి పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.