ఎర్ర విమానం సీటు టొరంటోలో, స్టిక్ కాన్‌బెర్రాలో: ఆ ఒక్క రోజు ఏం జరిగింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఎర్ర విమానం నడిపిన జర్మన్ పైలట్ రెడ్ బారన్ విమానానిదే అంటూ ఎర్రగుడ్డ పీలిక ఒకటి వేలానికి వచ్చిన ప్రతిసారీ పాత గొడవలన్నీ లేస్తాయి. అది నిజంగా దానిదేనా? నిజమే అయితే అమ్ముకునే హక్కు ఎవరిది? ఆ వెంటే, వందేళ్లు దాటినా తేలని ప్రశ్న: ఇంతకీ ఆయన్ని కూల్చిందెవరు? ఇవి వేరువేరు తగాదాల్లా కనిపిస్తాయి గానీ, అన్నిటి మొదలూ ఒకే రోజులో ఉంది.

రెడ్ బారన్ అసలు పేరు మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిక్టోఫెన్. ఆయన ఎవరు, 80 విమానాలను ఎలా కూల్చాడు అన్న కథ అందరికీ తెలిసిందే. అందుకే నేరుగా 1918 ఏప్రిల్ 21కి వద్దాం. ఫ్రాన్స్‌లోని సోమ్ నది లోయలో ఆ ఆదివారం ఉదయం ఆయన ఓ కొత్త పైలట్‌ను తరుముతూ బాగా కిందికి దిగాడు. శత్రువుల లైన్ దాటి వచ్చేశాడు. ఛాతీలోంచి ఒకే ఒక్క తూటా దూసుకుపోయింది. 425/17 నంబరున్న ఆయన ఫోకర్ ట్రైప్లేన్ (మూడు వరసల రెక్కల యుద్ధవిమానం) బీట్‌దుంపల పొలంలో, ఇటుక బట్టీ దగ్గర నేలను తాకింది. కింది చక్రాలు దెబ్బతిన్నాయి గానీ విమానం తునాతునకలు కాలేదు. ఇదే అసలు విషయం. గుడ్డ మీద తూటాల రంధ్రాలు, సీటు, ఇంజన్ అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. తూటా ఎటునుంచి వచ్చిందో చెప్పగల సాక్ష్యం ఆ నిమిషంలో ఆ పొలంలోనే ఉంది.

కాసేపట్లోనే అది చెదిరిపోవడం మొదలైంది. చుట్టుపక్కల ఉన్న ఆస్ట్రేలియా సైనికులు గుమిగూడి చేతికందింది కోసుకున్నారు, పీక్కున్నారు. వాళ్లను దొంగలనలేం. రేపు ఉంటామో లేదో తెలియని కుర్రాళ్లు ఇంటికి పంపడానికి ఓ గుర్తు కోరుకున్నారు, అంతే. జర్మన్ ఫిరంగులు ఆ చోటును గురిపెట్టడంతో శిథిలాన్ని వెంటనే తరలించడం కుదరలేదు. చివరికి ఆస్ట్రేలియా వైమానిక దళం 3వ స్క్వాడ్రన్ దాన్ని పూలన్‌వీల్ స్థావరానికి చేర్చింది. తర్వాత తీసిన ఫొటో ఒకటుంది. వంగిపోయిన గొట్టాల కుప్ప, దాని ముందు ఆస్ట్రేలియా వైమానిక సిబ్బంది, పక్కన జంట మెషిన్‌గన్లు. రెక్కలకు గుడ్డ లేదు. ఏ రంధ్రం ఎక్కడుందో చూద్దామన్నా చూడటానికి ఏమీ మిగల్లేదు.

బ్రిటన్ వైమానిక దళం రాయల్ ఎయిర్ ఫోర్స్ పుట్టి అప్పటికి మూడు వారాలే. అందులోని 209వ స్క్వాడ్రన్‌కు చెందిన కెనడా కెప్టెన్ రాయ్ బ్రౌన్ తన క్యామెల్ విమానంలో వెనుకనుంచి దిగి ఎర్ర విమానాన్ని కాల్చినట్టు రిపోర్టు రాశాడు. ఘనత ఆయన ఖాతాలోనే పడింది, అప్పటికే ఉన్న పతకానికి అదనపు గౌరవమూ దక్కింది.

నేలమీద ఉన్నవాళ్లు చెప్పింది వేరు. బ్రౌన్ దాడి అయ్యాక కూడా రిక్టోఫెన్ తరుముతూనే ఉన్నాడు. ఆ గాయం తగిలినవాడు అంతసేపు విమానాన్ని అదుపులో ఉంచుకోలేడని తర్వాత పరిశీలించిన వైద్య నిపుణుల్లో ఎక్కువమంది మాట. తూటా కుడి చంక దగ్గర దూరి ఎడమ చనుమొన పక్కనుంచి బయటికొచ్చింది. రిక్టోఫెన్ వెనక్కి మళ్లిన సమయంలో నేలమీది విక్కర్స్ మెషిన్‌గన్‌తో కాల్చినవాడు ఆస్ట్రేలియా 24వ మెషిన్‌గన్ కంపెనీ సార్జెంట్ సెడ్రిక్ పాప్‌కిన్. ఆస్ట్రేలియా ఫిరంగి దళం 53వ బ్యాటరీకి చెందిన ఇవాన్స్, బూయీ అనే ఇద్దరు లూయిస్ మెషిన్‌గన్లతో కాల్చారు. కుడివైపునుంచి తగిలిన తూటాకు సరిపోయే స్థానం పాప్‌కిన్‌దేనని ఈ మధ్య కాలపు అధ్యయనాలు చాలావరకు మొగ్గుచూపాయి. అయినా ఖాయంగా చెప్పలేం. పైనుంచి కాల్చిన బ్రౌన్ తుపాకీలోనూ, కిందనుంచి కాల్చిన ఈ తుపాకుల్లోనూ వాడింది .303 తూటాలే. అందుకే తూటా వచ్చిన దారిని చూపగల విమానం మిగిలి ఉండాల్సింది.

ఇప్పుడు మిగిలిన వస్తువులు ఎక్కడున్నాయో చూడండి. సీటు బ్రౌన్ చేతికి చేరింది, ఆయన ద్వారా టొరంటోలోని రాయల్ కెనడియన్ మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు అక్కడ వినేది బ్రౌన్ కథ. విమానాన్ని నడిపే కంట్రోల్ స్టిక్, దిక్సూచి, రిక్టోఫెన్ తొడుక్కున్న బొచ్చు బూటు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి. స్టిక్ పైన రెండు చేతులతో పట్టుకునే పిడి, వేళ్లకు అందేలా తుపాకుల మీటలు. ఆయన చివరిసారి పట్టుకున్నది దాన్నే. ఆ మ్యూజియం వెనుక ఉన్న మనిషి చార్లెస్ బీన్. ఆస్ట్రేలియా అధికారిక యుద్ధ చరిత్ర రాసిందీ ఆయనే. అందులో ఈ మరణం మీద ప్రత్యేకంగా అనుబంధం రాసి, ఘనత నేలమీది గన్నర్లదన్నాడు. 9 సిలిండర్ల రోటరీ ఇంజన్ మాత్రం లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంకు చేరింది.

ఈ ముక్కలకు ఇంత విలువ రావడానికి ఇంకో కారణముంది. సుమారు 320 ఫోకర్ ట్రైప్లేన్లు తయారైతే ఇవాళ ఒక్కటీ పూర్తిగా మిగిలి లేదు. రిక్టోఫెన్ నడిపిన మరొకటి, 152/17, బెర్లిన్ మ్యూజియంలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో అదీ పోయింది. కాబట్టి ఇప్పుడు బయటపడే గుడ్డ పీలికకు దాని వెంట ఉన్న కాగితమే ప్రాణం: ఏ యూనిట్ సైనికుడు, ఏ తేదీన ఇంటికి రాసిన ఉత్తరం, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి. ఆ వరుస తెగిపోతే అది ఉత్త ఎర్రగుడ్డ. నా మటుకు నాకు, అలాంటి ఉత్తరాలున్న కుటుంబాలు గుడ్డనూ ఉత్తరాన్నీ విడదీయకుండా మ్యూజియానికి ఇస్తే బాగుండుననిపిస్తుంది. వేలంలో కొన్నవాళ్ల అల్మారాలోకి పోయిన ముక్కను పరిశోధకులు మళ్లీ చూడగలరన్న భరోసా లేదు.

హక్కుల మాట వచ్చినప్పుడు ఇంకొకరిని మరచిపోతున్నాం. రిక్టోఫెన్ కూడా తాను కూల్చిన విమానాలనుంచి నంబర్లున్న గుడ్డను కోసి ఇంటికి పంపేవాడు. ఒక్కో విజయానికి ఒక్కో వెండి కప్పు చేయించుకున్నాడు, వెండి కరువొచ్చి 60 దగ్గర ఆపాడు. ష్వైడ్నిట్స్‌లోని సొంతింట్లో ఆ గుడ్డలు గోడల నిండా వేలాడేవి. 1933లో కుటుంబం ఆ ఇంటినే మ్యూజియంగా తెరిచింది. 1945లో సోవియట్ సైన్యం రావడంతో ఆ వస్తువులు కనిపించకుండా పోయాయి. ఆ ఊరు ఇప్పుడు పోలాండ్‌లో ఉంది, ఇల్లు ఇంకా నిలబడే ఉంది. ఆ గోడల మీది నంబర్లు ఒక్కొక్కటీ ఒక బ్రిటిష్ విమానానివి. వాటిలో చాలావాటి సిబ్బంది ప్రాణాలతో తిరిగి వెళ్లలేదు.