‘ఇంటి దేవత’ పుట్టిన కాలం

1854లో లండన్‌లో ‘ది ఏంజెల్ ఇన్ ది హౌస్’ (ఇంటి దేవత) అనే దీర్ఘకావ్యం తొలి భాగం కవి పేరు లేకుండా వెలువడింది. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయ ఉద్యోగి కోవెంట్రీ పాట్‌మోర్ తన భార్య ఎమిలీని మనసులో ఉంచుకొని రాసిన ఆ కావ్యంలో భర్త సంతోషమే భార్యకు సంతోషం, ఓర్పే ఆమెకు అలంకారం. అదే ఏడాది కారోలైన్ నార్టన్ అనే కవయిత్రి ఇంగ్లండులో స్త్రీలకు వర్తించే చట్టాలను ఎండగడుతూ ఒక పుస్తకం అచ్చువేయించారు. విక్టోరియా కాలపు కవులు దాంపత్యాన్ని అంత గట్టిగా ఎందుకు కీర్తించవలసి వచ్చిందో తెలియాలంటే ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకొని చదవాలి.

అప్పటి ఇంగ్లండు న్యాయసూత్రం ప్రకారం పెళ్లితో స్త్రీ అస్తిత్వం భర్తలో కలిసిపోయేది. ఆమె సంపాదన, చివరికి ఆమె పుస్తకాల మీద వచ్చే డబ్బు కూడా అతనిదే. నార్టన్ భర్త 1836లో ఆమెకు ప్రధానమంత్రి మెల్‌బోర్న్‌తో సంబంధం అంటగట్టి దావా వేసి ఓడిపోయాడు. అయినా ముగ్గురు కొడుకులనూ తల్లికి దూరంగా ఉంచగలిగాడు. ఆమె సాగించిన పోరాటం వల్లనే 1839లో చిన్న పిల్లల సంరక్షణ గురించి తల్లి కోర్టుకు వెళ్లే వీలు కలిగింది.

ఈ వాదోపవాదాల నడుమ వచ్చిన కవిత్వమంతా ఒకే గొంతుతో పలకలేదు. కవి టెన్నిసన్ ‘ది ప్రిన్సెస్’ (1847) స్త్రీల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన ఒక రాకుమారి కథ. అందులో ఆజ్ఞాపించడం పురుషుడి వంతు, పాటించడం స్త్రీ వంతు అనే మాటలున్నాయి. అవి కవి సొంత తీర్పన్నట్టు తరచూ ఉదాహరిస్తారు గాని, నిజానికి ఆ కథలో వాటిని పలికేది ఒక మొరటు ముసలి రాజు; స్త్రీపురుషులు కాలక్రమంలో ఒకరినొకరు పోలి ఎదగాలన్నది చివర యువరాజు చెప్పే మాట. అలాగని కావ్యం ఆ విశ్వవిద్యాలయాన్ని నిలవనిచ్చిందా అంటే, అదీ లేదు.

కవయిత్రి ఎలిజబెత్ బారెట్ దారి వేరు. పిల్లలెవరూ పెళ్లి చేసుకోకూడదని శాసించిన తండ్రికి తెలియకుండా ఆమె 1846 సెప్టెంబరు 12న కవి రాబర్ట్ బ్రౌనింగ్‌ను పెళ్లాడి ఇటలీ వెళ్లిపోయారు. ఆ తండ్రి మళ్లీ ఆమె ముఖం చూడలేదు. ఆ ప్రేమకాలంలో రాసుకున్న 44 సానెట్లను (పద్నాలుగు పాదాల కవితలను) 1850లో అనువాదాలనిపించే పేరు తగిలించి ప్రచురించారు. ప్రేమ కవితల్లో ఎప్పుడూ వర్ణనకు గురయ్యే స్త్రీ ఇక్కడ తానే మాట్లాడుతుంది, సందేహిస్తుంది, వెనకాడుతుంది, ఒప్పుకుంటుంది. తర్వాతి ‘అరోరా లీ’ కావ్యంలో కథానాయిక, తన సేవాకార్యాలకు సహాయకురాలిగా ఆమెను పెళ్లాడతానని వచ్చిన బావను తొలుత తిరస్కరించి కవయిత్రిగా నిలదొక్కుకుంటుంది. వివాహిత స్త్రీల ఆస్తిహక్కు కోరుతూ 1856లో పార్లమెంటుకు పంపిన వినతిపత్రం మీద ఎలిజబెత్ కూడా సంతకం చేశారు.

1857 నాటి చట్టం విడాకులను పార్లమెంటు చేతిలోంచి తప్పించి కోర్టుకు అప్పగించింది. కొలత మాత్రం రెండు రకాలు: భార్య వ్యభిచారం ఒక్కటే భర్తకు చాలు, భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వం, వదిలివేయడం వంటి మరో తప్పును కూడా నిరూపించాలి. ఆ మరుసటి ఏడాది కవి జార్జ్ మెరెడిత్ భార్య ఒక చిత్రకారుడితో వెళ్లిపోయారు. 1862లో ఆయన వెలువరించిన ‘మోడరన్ లవ్’, పదహారేసి పాదాల 50 ఖండికల్లో, అతిథుల ముందు అన్యోన్యత నటించే ఒక జంటను చూపింది. తప్పు ఎవరిదో తేల్చకపోవడమే ఆ కావ్యం గొప్పదనమని నాకనిపిస్తుంది. అనీతికరమని నాటి విమర్శకులు దాని మీద విరుచుకుపడ్డారు.

ఆస్తి చట్టాలు 1870లో కొంత, 1882లో చాలా వరకు మారాయి. విడాకులలోని తేడా ఇంగ్లండులో 1923 దాకా ఉంది. 1931లో ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్, రాయడానికి కూర్చున్న స్త్రీ ముందుగా ఆ ఇంటి దేవతను చంపుకోవలసిందేనన్నారు. విడాకులలోని అదే రెండు రకాల కొలతను వలస ప్రభుత్వం 1869లో భారత విడాకుల చట్టంగా ఇక్కడికి తెచ్చింది. తెలుగునాట క్రైస్తవ కుటుంబాలతో సహా దేశంలోని క్రైస్తవ స్త్రీలు 2001 సవరణ వచ్చేవరకు దాని కిందనే ఉన్నారు.