ఇంగ్లిష్‌లో ‘ద’ వాడకం: అపోహలు – వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాళ్లెవరిని అడిగినా ఒకటే మాట: పిల్లలు ఎక్కువగా తడబడేది ‘ద’ దగ్గరే. స్కూల్లో రూల్స్ బట్టీ పట్టిస్తారు, ఆ మాట చేసే పనేమిటో మాత్రం చెప్పరు.

అపోహ: మొదటిసారి చెప్తే ‘ఎ’, రెండోసారి నుంచి ‘ద’.

వాస్తవం: ఇది సగమే నిజం. నేను దేని గురించి మాట్లాడుతున్నానో వినేవాళ్లకు తెలుస్తుందా? తెలిస్తే ‘ద’. ఇంట్లో ‘క్లోజ్ ద డోర్’ అంటాం. అంతకుముందు తలుపు మాటే ఎత్తకపోయినా, ఏ తలుపో ఎదుటివాళ్లకు తెలుసు. ‘ఐ వెంట్ టు ఎ వెడ్డింగ్. ద బ్రైడ్ వాజ్ మై క్లాస్‌మేట్.’ పెళ్లికూతురి ప్రస్తావన రావడం ఇదే మొదటిసారి. కానీ పెళ్లన్నాక పెళ్లికూతురు ఉంటుంది, ఒక్కతే ఉంటుంది. అందుకే ‘ద’. అదే పెళ్లికి వచ్చినవాళ్లలో ఒకరి గురించి చెప్పాలంటే ‘ఎ గెస్ట్’ అనాలి, వందల మందిలో ఎవరో తెలియదు కదా.

ఇంటర్వ్యూలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్తూ చాలామంది ‘మై ఫాదర్ ఈజ్ ద ఫార్మర్’ అనేస్తారు. వినేవాళ్లకు ‘ఏ రైతు? ఇందాక ఎవరి గురించైనా చెప్పారా?’ అనిపిస్తుంది. అక్కడ ‘ఎ ఫార్మర్’ అనాలి. ‘మై ఫాదర్ ఈజ్ ద సర్పంచ్ ఆఫ్ అవర్ విలేజ్’ అంటే మాత్రం కరెక్టే, ఊరికి సర్పంచ్ ఒక్కరే ఉంటారు.

అపోహ: గొప్పవాటి పేర్లకు ‘ద’ పెట్టాలి.

వాస్తవం: గొప్పతనానికీ దీనికీ సంబంధం లేదు. అంత ఎత్తున్న ఎవరెస్టుకు ‘ద’ లేదు, పర్వతాల వరుస కాబట్టి ‘ద హిమాలయాస్’ అంటాం. ఇండియాకు లేదు, కానీ ‘ద మాల్దీవ్స్’, ‘ద యునైటెడ్ స్టేట్స్’ అంటారు. మొదటిది ద్వీపాల గుంపు, రెండోదాని పేరులోనే ‘రాష్ట్రాలు’ అనే మామూలు మాట ఉంది. నదుల దగ్గర మాత్రం ఇలాంటి లెక్క వెతక్కండి, ‘ద గోదావరి’, ‘ద కృష్ణా’ అని అలవాటు చేసుకోవాల్సిందే. చెరువులకు, సరస్సులకు అక్కర్లేదు, ‘కొల్లేరు లేక్’ చాలు. ఈ అలవాట్లు మారుతుంటాయి కూడా. ఒకప్పుడు ‘ద యుక్రెయిన్’ అని రాసేవాళ్లు. 1991లో అది స్వతంత్ర దేశమయ్యాక ‘ద’ తీసేసి ‘యుక్రెయిన్’ అని రాయడం స్థిరపడింది.

అపోహ: ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు ‘ది’ అని పలకాలి.

వాస్తవం: చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, శబ్దం. మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘ది’, లేకపోతే ‘ద’: ది అవర్ (గంట), ది ఎమ్మెల్యే, ద యూనివర్సిటీ. పైకి చదివితే మీకే తెలిసిపోతుంది.

అపోహ: డౌటొస్తే ‘ద’ పెట్టేస్తే సేఫ్.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ‘మై సన్ గోస్ టు స్కూల్’ అంటే అబ్బాయి చదువుకుంటున్నాడు. ‘ఐ వెంట్ టు ద స్కూల్’ అంటే ఫీజు కట్టడానికో, టీచర్‌ను కలవడానికో మీరు ఆ బడికి వెళ్లారు. ఒక్క ‘ద’తో అర్థమే మారిపోయింది. ‘లైఫ్ ఈజ్ షార్ట్’, ‘ఐ లవ్ నేచర్’ లాంటి వాక్యాల్లో ‘ద’ పెట్టకండి, అక్కడ మాట్లాడేది మొత్తం జీవితం గురించి, మొత్తం ప్రకృతి గురించి. ‘ద లైఫ్ ఆఫ్ గాంధీ’ అంటే ఒక మనిషి జీవితం కాబట్టి పెట్టాలి.

హాస్పిటల్ దగ్గర కాస్త జాగ్రత్త. పేషెంట్‌గా చేరితే బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికాలో ‘ఇన్ ద హాస్పిటల్’ అంటారు. రెండూ సరైనవే. పరీక్షలోనో ఈమెయిల్‌లోనో రాసేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే పద్ధతి పాటించండి.